ఆపద హెచ్చరిక కూత: వినుట, తెలిసికొనుట, కదలుట



తొలకరికి ముందు విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, అప్పును గూర్చియు మనము మాటలాడుకొనుట వాడుక. ఈ మాసపు పాఠమునకు మేము నాలుగవ విషయమును తీసికొనుచున్నాము. అది ఆపద హెచ్చరిక. విత్తనము చెడిన మరల చల్లుకొనవచ్చును. అప్పు ఈ యేడు తీరకున్న వచ్చే యేడు తీర్చుకొనవచ్చును. హెచ్చరిక విని కదలని యింటికి మరుసటి యేడు ఉండునో ఉండదో చెప్పజాలము. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవలె, వరద వచ్చిన పిమ్మట ఈ పాఠము చదువుట వ్యర్థము. కావున ఇప్పుడే సావధానముగా చదువుడు. చదువురాని వారికి చదివి వినిపింపుడు.

1. గోదావరి కొలత

భద్రాచలముకడ గోదావరి నీటిమట్టము 43 అడుగులకు వచ్చినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింపబడును. ఈ మూడు అంకెలు మన ప్రాంతమున పిల్లలకును తెలియును. అయితే పెద్దలు సైతము మరచు సంగతి యొకటి కలదు. మూడవ హెచ్చరిక నది యొక్క తుది మెట్టు కాదు. 1986 ఆగస్టు 16వ తేదీన నీరు 75.6 అడుగులకు లేచెను. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులకు వచ్చెను. అనగా మూడవ హెచ్చరికకు మీద పదునెనిమిది అడుగులకు పైగా నీరు వచ్చెనన్నమాట. "మూడవది రానీ, చూతము" అనువాడు దీనిని తలచుకొనవలెను.

మఱియొక మోసము ఆకాశమువలన కలుగును. మనయొద్ద ఎండ కాయుచుండగనే నది పొంగవచ్చును. మనకు ఎగువ ప్రాణహితయు ఇంద్రావతియు గోదావరిలో కలియుచున్నవి. విదర్భలోను బస్తరులోను కురిసిన వాన ఈ నదుల వెంట దిగి మన యొడ్డునకు వచ్చును. కావున మబ్బును చూచి వరదను లెక్కించుట తప్పు. ఎగువనుండి వచ్చు వార్తను వినుటయే ఒప్పు.

2. పల్లె కొలత

ఇచ్చట మా పొరపాటు నొకదానిని దాచక చెప్పెదము. 2022 జూలైలో ఒక పల్లె రైతులు నారుమడుల విత్తనమును, యూరియా బస్తాలను ఎప్పుడు తరలింపవలెనని మమ్ము అడిగిరి. రెండవ హెచ్చరిక వచ్చువఱకు ఆగవచ్చునని మేము చెప్పితిమి. ఆ పల్లెకును పెద్దబాటకును నడుమ ఒక వాగు, దానిమీద ఒక చప్టా కలవు. నది పొంగినప్పుడు వాగు నీరు అందులోనికి పోజాలక వెనుకకు తన్నును. రెండవ హెచ్చరిక ఇంకను రాకమునుపే చప్టా మునిగెను. బస్తాలు పోయినవి. ఇద్దరు ముసలివారిని మంచముపై మోసి మోకాలిలోతు నీటిలో దాటింపవలసి వచ్చెను. ప్రాణనష్టము జరుగకపోవుట దైవకృపయే గాని మా తెలివి కాదు.

తరువాత ఆ పల్లె పెద్ద మాతో ననిన మాట మేము మరువము: "అయ్యా, మీరు భద్రాచలము కొలత చూచితిరి. మేము మా చప్టాను చూచుకొనవలసినది."

ఇదియే ఈ పాఠమునకు మూలము. ప్రతి పల్లెకు తన కొలత యుండవలెను. చప్టా ప్రక్క ఒక కంబము పాతి, అడుగడుగునకు సున్నపు గీత పెట్టుడు. భద్రాచలమున ఎన్ని అడుగులున్నప్పుడు ఇచ్చట ఏ గీత మునిగెనో ప్రతి వరదకును సంఘపు పుస్తకములో వ్రాసికొనుడు. నాలుగైదేండ్లలో మీ పల్లె పట్టిక సిద్ధమగును. మీ బాట మొదటి హెచ్చరికకే మునుగునట్లయిన, మీకు కదలు వేళ అంతకు ముందే యని యెఱుగుడు. తాలిపేరు, కిన్నెరసానుల వెంటనుండు పల్లెలవారు నదితోపాటు ప్రాజెక్టు గేట్ల సంగతియు తెలిసికొనుచుండవలెను.

3. సైరను అనునది ఎట్టిది

పూర్వము మన పల్లెలలో హెచ్చరిక డప్పుతో చాటింపబడెడిది. కోయపల్లెలలో డోలు మ్రోగించెడివారు. ఇప్పుడు మైకును, సెల్‌ఫోనును, సైరనును వచ్చినవి. 1819లో కాన్యార్ ద లాతూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ యంత్రమును బాగుచేసి సైరను అను పేరు పెట్టెను. బెజ్జములు గల చక్రము వేగముగా తిరుగుచు గాలిని తెంచి తెంచి వదలును. ఆ తునకలే కూతయగును. చక్రము వేగము పెరిగిన కూత సన్నమగును, తగ్గిన లావగును. చేతితో త్రిప్పునవియు, కరెంటుతో తిరుగునవియు కలవు.

ధ్వని ఒక కిలోమీటరు పోవుటకు సుమారు మూడు సెకనులు పట్టును. కాని దూరము రెట్టింపయిన దాని తీవ్రత నాలుగవ వంతునకు పడిపోవును. ఎదురుగాలి యున్నను, రేకుల కప్పుపై జడివాన కొట్టుచున్నను, నడుమ గుట్ట యడ్డమున్నను కూత చెవిని పడకపోవచ్చును. తలుపులు మూసికొని నిద్రించువానికి అసలే వినరాకపోవచ్చును. కావున సైరను ఉన్నదని డప్పును అటకపై పెట్టరాదు.

సెల్‌ఫోను హెచ్చరికయు మంచిదే. ప్రభుత్వము 2023లో దేశమందంతట ఫోనులకు ఇట్టి హెచ్చరికలను పంపి పరీక్షించెను. అయితే అడవి అంచున సిగ్నలు అందని గూడెములు పెక్కు కలవు. కరెంటు పోయి టవరు ఆగినచో ఫోను మూగదగును. ఒక దారి మూసికొనినప్పుడు వేఱొక దారి తెఱచియుండవలెను. గూడెములలో చాటింపు తెలుగుతోపాటు కోయభాషలోను జరుగుట అవసరము.

4. కూత యొకటే, ఆపదలు రెండు

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సంగతి యిది. అశ్వాపురము మండలములోని మణుగూరు భారజల కర్మాగారమున హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువును వాడుదురు. అది గాలికంటె బరువైనది. పల్లపు చోట్ల నిలుచును. దానికి కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన యుండును గాని, వాయువు అధికమైనప్పుడు ముక్కు మొద్దుబారి ఆ వాసనయే తెలియకుండ పోవును. "వాసన పోయినది, భయము తీఱినది" అనుకొనుట ప్రాణాంతకమైన భ్రమ.

వరద సైరను వినిన ఇల్లు విడిచి మెరకకు పోవలెను. వాయువు సైరను వినినప్పుడు సాధారణముగా ఇంటిలోనికి పోయి, తలుపులు కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు దూర్చి, అధికారుల మాటకై వేచియుండవలెను. బయట చిక్కినవాడు గాలి పోవు దిక్కునకు పరుగెత్తక, గాలికి అడ్డముగా నడచి మెరక చేరవలెను. ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనుట కొంత సాయమే గాని పూర్తి రక్షణ కాదు. చూడుడు, ఒకచోట బయటికి పోవుట మంచిది, మఱియొకచోట లోనికి పోవుట మంచిది. కావున కూత వినిన తక్షణము చేయవలసిన మొదటి పని పరుగు కాదు, "ఏ ఆపద?" అని తెలిసికొనుట. మైకు మాట వినుడు, పొరుగువానిని లేపుడు, సంఘపు కాపలాదారు నడుగుడు, ఎవ్వరును దొరకనిచో 112 సంఖ్యకు ఫోను చేయుడు.

5. మ్రోగని సైరను

యంత్రము ఉన్నంత మాత్రమున రక్షణ లేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురమున ఒక కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలోనున్న జనులను కమ్మెను. అచ్చట సైరనును మ్రోగించుటకు 36 స్థానములున్నను ఒక్కటియు ఉపయోగింపబడలేదని ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చెను. ముప్పదియాఱు మీటలున్నవి; నొక్కిన వ్రేలు లేదు.

2024 జూలై 18వ తేదీన మన పొరుగుననే అశ్వారావుపేట మండలమున గుమ్మడవల్లికడ పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ పొలములను ఇసుకతో కప్పెను. చిన్న ప్రాజెక్టు కట్ట తెగినచో నీరు పల్లెను చేరుటకు పట్టు వేళ మిక్కిలి తక్కువ. కట్టమీద కావలియు, కావలివాని చేతిలో పల్లెల ఫోను సంఖ్యలును, పల్లెలో నిద్రమేల్కొనియుండు మనిషియు, ఈ మూడును లేనిచో ఎంత పెద్ద సైరనును పనికిరాదు.

6. సంఘము చేయదగిన పనులు

ప్రాథమిక సహకార సంఘము అప్పులిచ్చుటతో తన పని తీఱినదనుకొనరాదు. మా సలహాలివి.

మొదటిది. గోదాములో ఒక చేతి సైరనును ఉంచుడు. దానికి కరెంటు అక్కఱలేదు. గోదాము తాళపుచెవి ఇద్దరి వద్ద ఉండవలెను.

రెండవది. వానకాలమంతయు రాత్రి కావలికి వంతులు వేయుడు. ఎవరి వంతు ఎప్పుడో గోడమీద వ్రాయుడు.

మూడవది. ముసలివారు, గర్భిణులు, పసిబిడ్డల తల్లులు, నడువలేనివారు గల యిండ్ల పట్టిక వ్రాసి, ఒక్కొక్క యింటికి ఇద్దరు యువకులను ఏర్పఱచుడు.

నాలుగవది. నెలకొకసారి, ముందుగా చాటించి, సంతనాడు సైరనును పరీక్షింపుడు. చాటింపక మ్రోగించినచో "నాన్నా, పులి" కథవలె నిజమైన నాడు ఎవ్వరును లేవరు.

ఐదవది. కదలునప్పుడు ఈ క్రమమును పాటింపుడు: ముందు మనుష్యులు, పిదప పశువుల పలుపులు విప్పుట, పిదప పట్టాదారు పుస్తకమును, విత్తనమును. మోటారు కొఱకు వెనుకకు పోవలదు. నీరు చేరిన పిమ్మట స్టార్టరును గాని తీగను గాని ముట్టవలదు. మోటారు సంఘపు అప్పుతో మరల వచ్చును, మనిషి రాడు.

ఆఱవది. అధికారులు చెప్పువఱకు ఇంటికి తిరిగి రావలదు.

సంఘసభలో చర్చింపదగిన ప్రశ్నలు

(1) మన పల్లె బాట ఏ మట్టమున మునుగును? (2) నడిరేయి హెచ్చరిక వచ్చిన మొదట ఎవరు వినుదురు? వారు ఎవరిని లేపుదురు? (3) పొలములో పాకలో పడుకొన్నవానికి, అడవిలో పశువులు కాయువానికి కబురు ఎట్లు చేరును? (4) మన పల్లెలో కూత విననట్టి ఇల్లేది?

ఈ నాలుగవ ప్రశ్నకు ఉత్తరము సభలో కూర్చుండి చెప్పజాలరు. ఒకరు సైరనును త్రిప్పుచుండగా తక్కినవారు ఇంటింటికి పోయి వినవలెను. ఈ మాసముననే ఆ పని చేయుడు. కూత విననట్టి యిండ్ల పట్టికను మాకు పంపుడు. వచ్చే పాఠమున ఆ యిండ్లకు డప్పు ఎవరు కొట్టవలెనో కలిసి నిర్ణయించుకొందము.