రొమ్ము శస్త్రచికిత్స అనంతరం చేతికి వ్యాయామం

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తిచేసుకొని ఇల్లు చేరిన స్త్రీని మన కుటుంబాలలో ఏ పనీ ముట్టుకోనివ్వరు. బిందె ఎత్తవద్దంటారు, దండెం మీద బట్టలు మరొకరు ఆరవేస్తారు. ప్రేమతో చేసేదే ఇదంతా. కాని ఆ విశ్రాంతి వల్లనే భుజం బిగిసిపోయినవారిని నేను చూశాను. వారిలో ఒకరి విషయంలో తప్పు నాది.

సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట ఒక ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చారు. కుడి రొమ్మును, చంకలోని శోషరస గ్రంథులను తొలగించి రెండు నెలలైంది. చేయి ఎత్తబోతే చంక నుండి మోచేతి వరకు లోపల తాడు లాగినట్లున్నదన్నారు. నేను వాతప్రకోపమని తలచి, ఆరు నెలలు ఆ చేతికి పూర్తి విశ్రాంతినివ్వమన్నాను. గడువు తీరేసరికి ఆమెకు జడ కూతురు వేయవలసివచ్చింది. తరగతిలో నల్లబల్ల పైవరుసకు చేయి అందలేదు. "ఆసుపత్రిలో వ్యాయామాల కాగితం ఇచ్చారండీ. మీరు చెప్పారని పక్కన పెట్టాను" అన్నారామె, నెమ్మదిగానే. తరువాత ఫిజియోథెరపిస్టు నెలల తరబడి శ్రమిస్తే గాని ఆ భుజం చాలావరకు దారికి రాలేదు.

వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో, బలవంతుడైనా తన శక్తిలో సగమే వ్యాయామానికి వినియోగించాలన్నాడు. గురుకులంలో ఆ అధ్యాయాన్ని కంఠస్థం చేసినవాణ్ణే. సగం అంటే అసలు వద్దని కాదన్న సంగతి మాత్రం ఆమె వల్ల తెలిసింది.

శోషరసాన్ని నడిపించడానికి గుండె వంటి యంత్రం లేదు. చుట్టూ ఉన్న కండరాల కదలిక, శ్వాస దానికి ఊతం. చంకలోని గ్రంథులు తొలగించిన తరువాత దారి ఇరుకైనందున కొందరికి చేయి వాస్తుంది. అందువల్ల ఆ చేతితో బరువు ఎత్తరాదని వైద్యలోకం కూడా చాలాకాలం నమ్మింది. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాక్టర్ డాన్ మెకెంజీ ఈ చికిత్స పొందిన 24 మంది స్త్రీల చేత డ్రాగన్ పడవలో తెడ్లు వేయించి, ఆ నమ్మకాన్ని పరీక్షించారు. 2009లో అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, అప్పటికే చేయి వాచిన స్త్రీలు పర్యవేక్షణలో స్వల్పమైన బరువులతో మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు క్రమంగా పెంచుతూ ఏడాది పాటు ఎత్తారు. వాపు అధికం కాలేదు. ఉధృతమయ్యే సందర్భాలు తగ్గాయి కూడా.

తొలి రోజులలో పిడికిలి బిగించి విప్పడం, మోచేయి ముడిచి చాచడం చాలు. గొట్టాలు తీసివేసి, సర్జను అనుమతించిన తరువాత గోడకు ఎదురుగా నిలబడి, వ్రేళ్ళను సాలెపురుగులా పైకి నడిపించాలి. అందిన చోట పెన్సిలుతో గీత గీసి తేదీ వేసుకోండి. గోడ పాడవుతుందని ఇంట్లోవారు విసుక్కోవద్దు. బిగువు తెలియాలి గాని పళ్ళు బిగబట్టే నొప్పి రాకూడదు. రేడియేషన్ తరువాత కొన్ని నెలలకు కూడా కండరాలు బిగుసుకోగలవు గనుక, చేయి పూర్తిగా లేచిందని మానివేయరాదు. అరకిలో నీళ్ళ సీసా వంటి బరువులు ఆ తరువాతి మాట. వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టండి. క్యాన్సరు ఎముకలకు పాకినవారు సొంతంగా బరువుల జోలికి పోరాదు.

నడక అందరికీ మంచిది. కీమోథెరపీ అనంతరపు నిస్సత్తువకు పడక కంటే నడకే మేలు. మాట్లాడుతూ నడవగలిగే వేగంతో వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున చేరుకునేలా పెంచుకోండి. మొదట పది నిమిషాలైనా సరే.

మర్దన విషయంలో నా తోటి వైద్యులకూ ఒక మాట. వాచిన చేతిని నువ్వులనూనెతో గట్టిగా పిసకడం, వేడి కాపడం పెట్టడం, రక్తమోక్షణం చేయించడం కూడదు. ఆ వాపుకు ప్రత్యేకమైన మృదుమర్దన ఉన్నది; శిక్షణ పొందినవారి వద్ద నేర్చుకోవాలి.

గాజులు మునుపటి కంటే బిగుతైతే, చేయి బరువెక్కినట్లుంటే ఆలస్యం చేయక చూపించుకోండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే పసుపు పట్టు వేస్తూ కూర్చోక, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళండి.