‘కార్మికుడి నిర్లక్ష్యం’ దగ్గర ఆగని ఉద్యోగం

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే నివేదికలో ‘కారణం’ అన్న గడిలో తరచూ కనిపించే మాట ‘కార్మికుడి నిర్లక్ష్యం’. అలా రాసేస్తే ఫైలు మూసేయొచ్చు. ఆ గడి దగ్గర ఆగకుండా ఇంకా లోపలికి తవ్వడం తెలిసినవాళ్లే ఇండస్ట్రియల్ సేఫ్టీలో నిలదొక్కుకుంటారు.

ఉదాహరణకు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం గ్రామాన్ని కమ్మేసింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగింది, ట్యాంకులో సరుకు వేడెక్కింది అని సరిపెట్టుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ సరిపెట్టుకోలేదు. అది తేల్చింది ఇదీ: స్టైరీన్ నిల్వ ఉన్న ఎం-6 ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగునే ఉంది. పైన ఎంత వేడి ఉందో కంట్రోల్ రూముకు తెలిసే దారే లేదు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారిపోకుండా ఆపే టీబీసీ రసాయనం ప్లాంటులో సరిపడా లేదు. 2019 డిసెంబరులో పైపులు మార్చాక ట్యాంకులో ద్రవం సరిగా కలియడం లేదు. ఆ రాత్రి సైరన్ కూడా మోగలేదు. వీటిలో చాలావాటి వెనక ప్రమాదానికి ఎంతో ముందే ఎవరో తీసుకున్న నిర్ణయం, లేదా తీసుకోకుండా వదిలేసిన నిర్ణయం ఉంది.

ఈ తవ్వకానికి టయోటా వాడుకలోకి తెచ్చిన ‘ఐదు ఎందుకులు’ మంచి మొదలు. గ్రైండర్ చక్రం పగిలి వెల్డర్ వేలు తెగిందనుకోండి. గార్డు లేదు. ఎందుకు తీశాడు? పెద్ద చక్రం పట్టదు కాబట్టి. పెద్దది ఎందుకు? సరైన సైజు స్టోర్సులో అయిపోయింది. ఎందుకు తెప్పించలేదు? ఇండెంటు నెలగా ఎవరి బల్ల మీదో పడి ఉంది. ఐదు అన్న లెక్కకు పట్టింపు లేదు. అయితే విశాఖ లాంటి ఘటనకు ఒకే వరస ప్రశ్నలు చాలవు. అక్కడ కారణాలను కొమ్మలుగా చూపే ఇషికావా చేపముల్లు చిత్రం గీసి, యంత్రం, పదార్థం, పద్ధతి, మనిషి అంటూ విడివిడిగా వెతకాలి.

అసలు కష్టం మనుషులతో మాట్లాడటంలో ఉంది. నోరు విప్పితే గేటు పాసు పోతుందని కాంట్రాక్టు కార్మికుడి భయం. పక్కన సూపర్‌వైజరు ఉంటే అతను ఏమీ చెప్పడు. అందుకే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, వాళ్ల భాషలో అడగాలి. సేఫ్టీ ఆఫీసరుకు అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావాలని ఫ్యాక్టరీ నిబంధనల్లోనే ఉంది. మన దగ్గర చాలా ప్లాంట్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు కూడా ఉంటారు. తెలుగుతోపాటు హిందీ వస్తే అది నిజమైన అర్హతే.

ఇక సేఫ్టీ ఆఫీసరు కావడానికి చదువు సంగతి. ఇంజినీరింగ్ డిగ్రీ, లేదా ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీ, దానికి తోడు కొంత ఫ్యాక్టరీ అనుభవం, ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి. చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు మంచి పేరుంది. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లను నెబోష్ అనే భద్రతా సర్టిఫికెట్ ఉందా అని అడుగుతారు. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ప్రకారం కనీసం 500 మంది, ప్రమాదకర ప్రక్రియ ఉంటే కనీసం 250 మంది పనిచేసే ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి. ఊరూరా హోర్డింగులు పెట్టే ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ కోర్సులతో మాత్రం జాగ్రత్త. ఫీజు కట్టేముందు, ఆ సర్టిఫికెట్ సేఫ్టీ ఆఫీసరు పోస్టుకు చెల్లుతుందో లేదో ఫ్యాక్టరీల శాఖ జిల్లా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.