లిల్లీ కాడ ఎప్పుడు వేస్తుంది?

ప్రశ్న: లిల్లీ గడ్డలు నాటి రెండు నెలలైంది. ఆకులు జానెడే ఉన్నాయి, కాడ రాలేదు. గడ్డలు మంచివి కావా?
– ఒక పాఠకుడు, పొన్నూరు

జవాబు: గడ్డల్ని అప్పుడే తప్పుపట్టకండి. లిల్లీ ముందు ఆకులు పెంచుకుని ఆ తర్వాతే కాడ వేస్తుంది. నాటిన మూడు, మూడున్నర నెలలకు కాడ కనిపించడం మామూలే. ఆకుల గుబురు అడుగు, అడుగున్నర మించదు. ఎత్తంతా పూలకాడదే, అది రెండు నుంచి మూడు అడుగులు లేస్తుంది. కాడ వచ్చే సమయంలో రకం తేడా కొంత ఉన్నా, ఆ వేగాన్ని ముఖ్యంగా నిర్ణయించేది గడ్డ సైజు. 2-3 సెంటీమీటర్ల మందమున్న గడ్డ త్వరగా పూస్తుంది; గోళీకాయంత పిల్లగడ్డకు ముందు తాను ఊరడానికే సమయం పడుతుంది.

యూరియా వేస్తే తొందరపడదా అంటారేమో. నత్రజని ఎక్కువైతే ఆకులే ఏపుగా వస్తాయి, కాడలు వెనకబడతాయి. గడ్డల కన్నా నేలను అనుమానించడం సబబు: నల్లరేగడిలో నీరు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది, కనుక బోదెల మీద నాటడం మేలు. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు, పక్కన పుట్టిన పిల్లలు పూస్తాయి. గుంపు చిక్కబడితే కాడలు పొట్టివవుతాయి. రెండు మూడేళ్లకోసారి తవ్వి, పెద్ద గడ్డలు ఏరి నాటుకోండి. ఇంకో నెలన్నర ఆగినా కాడ రాకపోతే ఒక గడ్డ తవ్వి నొక్కి చూడండి: మెత్తబడితే నీటి తప్పు, గట్టిగా ఉండి చిన్నదైతే మరో సీజను ఓపిక పట్టండి.