క్యాసెట్టు – కంఠస్వరమునకు తాళపత్రము

శబ్దము నిత్యమని మీమాంసకుల సిద్ధాంతము. కాని దానిని మోయు ఉపాధి అనిత్యము. పూర్వము లేఖకులు తాళపత్ర గ్రంథమును ముగించి, దానిని నూనె నుండి, నీటి నుండి, సడలిన కట్టు నుండి కాపాడుమని చదువరులను వేడుకొనెడివారు. ఆ వేడుకోలు క్యాసెట్టునకును వర్తించును.

1963లో ఫిలిప్స్ సంస్థ వెలువరించిన ఈ సాధనము 1980వ దశకమున గోదావరి సీమ గృహములలో విరివిగా నిలిచినది. ఘంటసాల గానము చేసిన భగవద్గీత వంటివి నేడును సులభముగా లభించును. కాని ధనుర్మాసమున తాతగారు అనుసంధించిన తిరుప్పావై, గ్రామమున జరిగిన హరికథ, ఆచార్యుల ఉపన్యాసము – వీనికి ఇంటనున్న ప్రతి ఒక్కటియే. అది నశించినచో ఆ కంఠము మరల వినబడదు.

క్యాసెట్టులోని టేపు 4 మిల్లీమీటర్లకు లోపు వెడల్పు గల పలుచని ప్లాస్టిక్ పట్టీ. దానిపై జిగురుతో పూసిన ఇనుప ఆక్సైడు పొడియందు స్వరము అయస్కాంత రూపమున నిలిచియుండును. కనుక తేమ, వేడి, ధూళి, అయస్కాంతము అను నాలుగును దానికి శత్రువులు.

కాలువలు, వరిచేలు, సముద్రపు గాలి గల డెల్టాలో తేమయే ప్రధాన శత్రువు. 1986 ఆగస్టు వరదలను, 1996 నవంబరు కోనసీమ తుపానును ఎరిగినవారికి ఇది విదితమే. గాలిలో తేమ 65–70 శాతము మించి నిలిచినచో టేపునకు తెల్లని బూజు పట్టును. అట్టిదానిని టేపురికార్డరులో పెట్టరాదు; బూజు యంత్రమునకు, తక్కిన క్యాసెట్లకు వ్యాపించును. తడిసినదానిని ఎండలో పెట్టక, నీడలో గాలికి ఆరనిచ్చి, తెలిసినవారికి చూపవలెను.

క్యాసెట్టును డబ్బాలో ఉంచి, నిలువుగా, చెమ్మ గోడకు ఎడముగా, స్పీకర్లకు దూరముగా బీరువాలో అమర్చవలెను. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లము ప్రక్కన ఉంచుట మంచిది. పూజామందిరము దీనికి తగిన చోటు కాదు. అచట దీపపు వేడి, సాంబ్రాణి పొగ ఉండును. దీపారాధన చేసిన నూనెచేతితో టేపును తాకరాదు. వెనుక అంచున గల రెండు చిన్న రెక్కలను విరిచివేసినచో పొరపాటున మరియొకటి రికార్డు కాదు. యంత్రపు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడిచి, ఏడాదికొకసారి టేపును ఆసాంతము నడిపి, సమముగా చుట్టి ఉంచవలెను. ప్రక్కకు 60 నిమిషములు నడచు క్యాసెట్ల టేపు మిక్కిలి పలుచన. వానిని పదే పదే వెనుకకు ముందునకు త్రిప్పరాదు.

ఎంత కాపాడినను టేపు శాశ్వతము కాదు. శిథిలమగుచున్న తాళపత్రమునకు పెద్దలు క్రొత్త ప్రతి వ్రాసికొన్నట్లే, నేడు కంప్యూటరులోనికి ప్రతి తీయించి రెండు మూడు చోట్ల భద్రపరుపవలెను. మూలమును మాత్రము పారవేయరాదు. ఎవరి స్వరము, ఏ ఊరు, ఏ సంవత్సరమో డబ్బాపై వ్రాయుట మరువరాదు.

అన్నింటికంటె గట్టి ప్రతి మరియొకటి గలదు. తాతగారి పాశురమును వినిపించి, పిల్లలచే కంఠస్థము చేయించుట. ఆ ప్రతికి బూజు పట్టదు.