లాసెట్: సగం మార్కులు మన గల్లీలోనే

షాహీన్‌నగర్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఓ అమ్మాయి ఒక సాయంత్రం గైడు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో కొన్నదట. అట్ట ఊడిపోతే పాత దుపట్టా ముక్క అతికించి, అంచులు సూదితో కుట్టుకుంది. లోపల పేజీ పేజీకీ పెన్సిల్ గీతలు. "సెక్షన్లన్నీ వచ్చేశాయి సర్, అడగండి" అంది. హత్యకు శిక్ష ఏ సెక్షన్ అన్నాను. "302" అని టక్కున చెప్పింది. మోసానికి? "420." పుస్తకం ప్రకారం రెండూ ఒప్పే. కానీ ఆ పుస్తకం అచ్చయ్యాక చట్టమే మారిపోయింది.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. హత్యకు శిక్ష ఇప్పుడు సెక్షన్ 103. మోసం 318లో ఉంది. దొంగతనం 303. రెండు నెలలు రాత్రుళ్లు మేలుకుని బట్టీ పట్టిన పిల్లకు ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక నోటుబుక్కులో రెండు వరుసలు గీశాం. ఎడమ పక్క పాత సెక్షన్, కుడి పక్క కొత్తది. 511 సెక్షన్ల ఐపీసీ 358 సెక్షన్లకు కుదిరింది. పరీక్షకు అవసరమైనవి ఒక ముప్పై తేలాయి. ఆమె కష్టం వృథా కాలేదు. పాత నంబరు తెలిసినవారికి కొత్త నంబరు తొందరగా అబ్బుతుంది. పైగా 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత చట్టమే వర్తిస్తుంది. ఈ తేదీ మీదే ప్రశ్న రావచ్చు.

కాబట్టి మొదటి జాగ్రత్త: గైడు కొనేముందు అచ్చయిన సంవత్సరం చూడండి.

పరీక్ష ఎలా ఉంటుంది?

మన తెలంగాణలో లా కాలేజీల్లో చేరడానికి రాసేది టీజీ లాసెట్. ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తోంది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు. అర్హత పరీక్షలో, అంటే ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ, జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి.

ప్రశ్నలు 120, సమయం 90 నిమిషాలు. కంప్యూటర్ మీద రాయాలి. పార్ట్ ఏ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30. పార్ట్ బి కరెంట్ అఫైర్స్‌కు 30. పార్ట్ సి న్యాయశాస్త్ర అభిరుచికి 60. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, అంటే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస నిబంధన లేదు. అయితే 42 వస్తే పాసైనట్టే తప్ప మంచి కాలేజీలో సీటు వచ్చినట్టు కాదు. ర్యాంకు తేలేది పార్ట్ సి దగ్గరే. ఇద్దరికి సమాన మార్కులొస్తే ముందు చూసేది కూడా పార్ట్ సి మార్కులే.

దావా, వకీలు, ముద్దాయి

జల్‌పల్లి, పహాడీ షరీఫ్, ఎర్రకుంట పిల్లలు నాతో తరచూ అనే మాట: "మాది ఉర్దూ ఇల్లు సర్, కోర్టు భాష మాకెక్కడ వస్తుంది?" నిజానికి కోర్టు తెలుగులో సగం వాళ్ల ఇంట్లోదే. దావా, వకీలు, వకాల్తా, ఫిర్యాదు, జామీను, జప్తు, రాజీ, హాజరు, ఖైదు... ఇవన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగు కచేరీల్లోకి వచ్చి స్థిరపడ్డవే. జల్‌పల్లిలో ఏ అమ్మమ్మ నోట విన్నా ఈ మాటల్లో నాలుగు దొర్లుతాయి.

ఒక్క మాట దగ్గర మాత్రం కాలు జారుతుంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, అంటే వాది. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు.  ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ప్రశ్నపత్రం తెలుగులో చదివే విద్యార్థికి ఇక్కడ అర్థం తలకిందులవుతుంది. ఇలాంటి మాటలకు నోటుబుక్కులో విడిగా ఒక పేజీ పెట్టుకోండి. లాసెట్ పత్రం ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో గానీ ఉర్దూలో గానీ ఉంటుంది. ఏది కావాలో దరఖాస్తు నింపేటప్పుడే ఎంచుకోవాలి. అనువాదంలో వాక్యం మెలికపడితే పక్కనున్న ఇంగ్లిష్ వాక్యం చూసి తేల్చుకోండి.

పార్ట్ సి: చట్టాన్ని వీధిలో చదవడం

చాలామంది దీన్ని లాటిన్ సూక్తుల జాబితాగా చదువుతారు. పరీక్ష హాల్లో అవన్నీ కలగాపులగమైపోతాయి. దానికి బదులు ప్రతి సూత్రాన్నీ మీకు తెలిసిన ఒక చోటుకు ముడివేయండి.

ఎర్రకుంటలో పదేళ్లుగా నడుస్తున్న హోటల్‌కు ఎదురుగా కొత్త హోటల్ తెరిచారనుకుందాం. బిర్యానీ ధర తగ్గించారు. పాత హోటల్ గిరాకీ సగం పడిపోయింది. కేసు వేయొచ్చా? కుదరదు. నష్టం వచ్చింది కానీ చట్టం ఇచ్చిన హక్కేదీ దెబ్బతినలేదు. ఇదే 'డ్యామ్నమ్ సైన్ ఇంజూరియా'. దీనికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే గ్లోస్టర్ గ్రామర్ స్కూల్ కేసు 1410 నాటిది. అక్కడ హోటళ్లకు బదులు రెండు బడులు. ఇప్పుడు దీన్ని తిరగేయండి. ఓటర్ల జాబితాలో పేరున్న మనిషిని పోలింగ్ అధికారి కావాలనే ఓటు వేయనివ్వలేదు. అతను ఓటేద్దామనుకున్న అభ్యర్థే గెలిచాడు. నష్టమేమీ లేదు, అయినా హక్కు పోయింది కాబట్టి కేసు నిలుస్తుంది. ఇది 'ఇంజూరియా సైన్ డ్యామ్నో', 1703 నాటి ఆష్‌బీ వర్సెస్ వైట్. హోటల్, ఓటు... ఈ రెండు బొమ్మలు మనసులో ఉంటే ఆ జంట సూక్తులు ఇక కలవవు.

పదిహేడేళ్ల కుర్రాడు వాయిదాల మీద సెల్‌ఫోన్ కొన్నాడు. డబ్బు కట్టలేదు. కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 11 ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. ఆ ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చింది. ఇక్కడ తప్పు ఆప్షన్‌గా 'మైనర్ ఇష్టమైతే చెల్లుతుంది' అని ఇస్తారు. దానికి పడిపోవద్దు.

మన పక్కనే పుట్టిన కేసులు ఇంకా బాగా గుర్తుంటాయి. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల పరిశ్రమ పెట్టడానికి ఒక కంపెనీ పూనుకుంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల నీళ్లు తాగే జంటనగరాలకు అది ముప్పని కాలుష్య నియంత్రణ మండలి అడ్డుచెప్పింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర ఇలాంటి పరిశ్రమలను 1996 నాటి 111 జీవో నిషేధించింది. ఆ వివాదంలోనే 1999లో సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు, ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు, ముందుజాగ్రత్త సూత్రాన్ని విడమరిచి చెప్పింది. హాని జరిగాక లెక్కలు తీయడం కాదు, జరగకముందే ఆపాలి. హాని ఉండదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టేవారిదే. తర్వాత 2010 నాటి జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 20లో ఈ సూత్రానికి చోటిచ్చింది. జల్‌పల్లి చెరువు కట్ట మీద నిలబడితే ఈ తీర్పు ఎందుకు అవసరమైందో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. అధికరణం 21, 48ఏ, 51ఏ(జి) మూడింటినీ దీనితో కలిపి చదవండి.

మరొకటి కుటుంబాల్లోకి నేరుగా వచ్చిన తీర్పు. విడాకులు పొందిన ముస్లిం మహిళ సీఆర్‌పీసీ సెక్షన్ 125 కింద భరణం అడగొచ్చా? మన రాష్ట్రం నుంచే వెళ్లిన మహ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం కేసులో, అడగొచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మాసనంలో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్ ఉన్నారు. 1985 షా బానో తీర్పు, 1986 చట్టం, 2001 డేనియల్ లతీఫీ తీర్పు, ఇది... ఈ నాలుగూ ఒకే దారం. దారంగా చదివితేనే నిలుస్తాయి. ఆ పాత 125 ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144. గైడుకు దుపట్టా కుట్టుకున్న అమ్మాయి ఈ తీర్పు చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మా పిన్నికి ఇది ఎవరూ చెప్పలేదు సర్. ఇప్పుడు నేను చెప్పొచ్చా?"

రాజ్యాంగం: ఎంత చదవాలి?

మొత్తం కంఠతా పట్టనక్కర్లేదు. ప్రవేశిక, మూడో భాగం, ఆదేశిక సూత్రాలు, ప్రాథమిక విధులు గట్టిగా రావాలి. తర్వాత రాష్ట్రపతి, గవర్నర్, పార్లమెంటు, న్యాయవ్యవస్థ, అత్యవసర పరిస్థితి. సవరణల్లో 42, 44, 61, 73, 74, 86, 101, 103, 106 వదలకూడదు.

రిట్‌లు ఐదు. హెబియస్ కార్పస్‌ను పోలీస్ స్టేషన్‌తో కలిపి గుర్తుపెట్టుకోండి. మనిషిని పట్టుకెళ్లి ఇరవైనాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచలేదనుకుందాం. ప్రయాణ సమయం అందులో లెక్కకు రాదు. ఆ గడువు అధికరణం 22(2) ఇచ్చిన రక్షణ. రిట్ కోసం అధికరణం 32 కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. 32 కేవలం ప్రాథమిక హక్కులకు. 226 పరిధి అంతకంటే వెడల్పు. ప్రశ్న ఈ తేడా మీదే వస్తుంది.

కేశవానంద భారతి తీర్పు తేదీ 1973 ఏప్రిల్ 24, పదమూడుగురు న్యాయమూర్తులు, 7-6. పుట్టస్వామి తీర్పు 2017, తొమ్మిదిమంది, ఏకగ్రీవం. మూసీ ఒడ్డునున్న మన హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. తెలంగాణకు విడిగా హైకోర్టు వచ్చింది 2019 జనవరి 1న. ఈ రెండు సంవత్సరాలు జీకేలో పనికొస్తాయి. పాతబస్తీకి వెళ్లినప్పుడు ఒకసారి ఆగి ఆ భవనాన్ని తీరిగ్గా చూడండి. రేపు నల్లకోటు వేసుకుని ఎక్కాల్సిన మెట్లు అవి.

కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ

పరీక్షకు ముందు ఎనిమిది నుంచి పది నెలల వార్తలు చాలు. ఒక తెలుగు దినపత్రిక రోజూ చదవాలి. సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, నియామకాలు, పురస్కారాలు, క్రీడలు. తీర్పు వార్త చదివితే మూడు విషయాలు రాసుకోండి: ప్రశ్న ఏమిటి, జవాబు ఏమిటి, ఏ అధికరణం. మెంటల్ ఎబిలిటీకి శ్రేణులు, కోడింగ్, రక్త సంబంధాలు, దిక్కులు, క్యాలెండర్; రోజుకు పదిహేను లెక్కలు చేస్తే సరిపోతుంది.

క్లాట్ కూడా రాయాలా?

ఇంటర్ పిల్లలు రాయాలనే నా మాట. శామీర్‌పేటలోని నల్సార్‌తో సహా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు దారి అదే. అక్కడ రెండు గంటలకు 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత, పత్రం ఇంగ్లిష్‌లోనే. దాదాపు నాలుగైదు వందల పదాల భాగం ఇచ్చి దాని మీద ప్రశ్నలడుగుతారు. అందుకు ఇంగ్లిష్ చదివే వేగం కావాలి, అది నెలరోజుల్లో రాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టిన పిల్లలకు సాధ్యం. ఫీజులు ఎక్కువ కాబట్టి స్కాలర్‌షిప్ వివరాలు ముందే కనుక్కోండి.

చివరి నెల, చివరి గంటన్నర

ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు పడతాయి. కానీ అన్నింటికీ సమానంగా పంచితే దెబ్బతింటారు. కరెంట్ అఫైర్స్ తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. ఆ 30కి పన్నెండు నిమిషాలు. పార్ట్ సికి నలభై ఐదు. పార్ట్ ఏకు పాతిక. మిగిలిన ఎనిమిది నిమిషాలు వదిలేసినవి నింపడానికి. చివరి నెలలో రోజు విడిచి రోజు గడియారం పెట్టుకుని ఒక పూర్తి పత్రం రాయండి. తప్పుల్ని మళ్లీ చదవడానికి రాసినంత సమయం కేటాయించండి.

సెంటరు ఎక్కడ పడిందో హాల్‌టికెట్ రాగానే చూసుకోండి. శ్రీశైలం హైవే మీద పొద్దున చాంద్రాయణగుట్ట దాటడానికే ఎంత పడుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ముందు రోజే ఆ దారిలో ఒకసారి వెళ్లి రండి. గేటు ఏ వైపు ఉందో, బస్సు ఎక్కడ ఆపుతాడో చూసుకోండి.

ఆ దుపట్టా గైడు అమ్మాయి మొదటి నమూనా పరీక్షలో మెంటల్ ఎబిలిటీలో ఒకే దిక్కుల లెక్క పట్టుకుని ఆరు నిమిషాలు కూర్చుంది. చివర్లో పార్ట్ సిలో పద్నాలుగు ప్రశ్నలు తెరవకుండానే సమయం అయిపోయింది. వాటిలో పదకొండింటికి ఆమెకు జవాబు తెలుసు. ఆ పద్నాలుగు నంబర్లనూ నోటుబుక్కు అట్ట లోపలి వైపు రాసుకుంది. తర్వాతి పరీక్షకు పార్ట్ సి ముందు తెరిచింది.