థర్మామీటర్ మార్చితే ఊరి వేడి మారుతుందా?

ఈమధ్య నా పాత ఫిట్‌నెస్ బ్యాండ్ తీసేసి స్మార్ట్‌వాచ్ పెట్టుకున్నా. అదే ఆఫీసు, అదే దారి. అయినా రోజుకి వెయ్యి అడుగులు ఎక్కువ చూపిస్తోంది. గ్రాఫ్ చూసినవాళ్లు నేను వాకింగ్ మొదలుపెట్టానని అనుకుంటారు. మారింది నేను కాదు, సెన్సర్.

దశాబ్దాల ఉష్ణోగ్రతల రికార్డుల్లోనూ ఇదే తలనొప్పి. 1980ల మధ్యలో అమెరికాలో జరిగిన ఒక అప్‌గ్రేడ్ సంగతి చూడండి.

అక్కడ వేల కేంద్రాల్లో రోజూ రీడింగ్ తీసేది వాలంటీర్లే. అంతకుముందు వాళ్ల దగ్గర ఉండేది తెల్లరంగు వేసిన చెక్క పెట్టె, లోపల గాజు థర్మామీటర్లు. వాటి స్థానంలో చాలాచోట్ల ఎమ్‌ఎమ్‌టీఎస్ అనే ఎలక్ట్రానిక్ సిస్టమ్ వచ్చింది. ప్లేట్లు బోర్లించి పేర్చినట్టుండే ప్లాస్టిక్ కవచం, లోపల థర్మిస్టర్, అక్కడి నుంచి ఇంట్లో డిస్‌ప్లే దాకా కేబుల్. స్పెక్స్ చూస్తే మంచి అప్‌గ్రేడే.

కానీ 1991లో పాత, కొత్త రీడింగులు పోల్చి చూస్తే, కొత్తదానిలో గరిష్ఠం సగటున దాదాపు 0.4 డిగ్రీలు తగ్గింది, కనిష్ఠం 0.3 పెరిగింది. సగటు పెద్దగా కదల్లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పగలు-రాత్రి తేడా మాత్రం 0.7 డిగ్రీలు తగ్గినట్టు కనిపిస్తుంది. గత శతాబ్దంన్నరలో భూమి వేడెక్కింది ఒక డిగ్రీ పైచిలుకే, ఆ లెక్కన 0.7 చిన్నదేం కాదు.

ఇందులో నాకు బాగా నచ్చిన ట్విస్ట్ కేబుల్‌ది. దాన్ని భూమిలో పాతాలి, మధ్యలో సిమెంటు దారి అడ్డం. దాంతో చాలాచోట్ల సెన్సర్‌ని ఇంటి గోడ వైపు జరిపేశారు! అంటే పరికరంతో పాటు చోటు కూడా మారింది.

ఇంకొకటి టైమ్‌స్టాంప్ బగ్. గరిష్ఠ థర్మామీటర్‌ని సాయంత్రం 5కి చదివి రీసెట్ చేశారనుకోండి. అప్పుడు వేడి 38 ఉంటే అది 38 నుంచే మళ్లీ మొదలవుతుంది. మర్నాడు వాన పడి 31 దాటకపోయినా ఆరోజు గరిష్ఠం 38 అనే పడుతుంది. ఒకే ఎండ రెండుసార్లు లెక్కకొచ్చిందన్నమాట. ఉదయం 7కి రీసెట్ చేస్తే ఈసారి చలి రాత్రి రెండుసార్లు పడుతుంది. అమెరికాలో చాలా కేంద్రాలు సాయంత్రం నుంచి ఉదయానికి మారాయి. ఏమీ మారకపోయినా రికార్డు చల్లబడినట్టు కనిపించేది ఇందుకే.

మరి దీన్ని పట్టుకోవడం ఎలా? మీ కేంద్రం రీడింగ్‌లోంచి పక్క ఊళ్ల రీడింగ్ తీసేయండి. వడగాడ్పు వచ్చినా, చలి వచ్చినా అన్ని ఊళ్లకీ వస్తుంది కాబట్టి తేడా గీత దాదాపు సాఫీగా ఉండాలి. మీ ఒక్క కేంద్రం దగ్గరే ఒక తేదీ నుంచి మెట్టులా దిగి, అలాగే ఉండిపోతే అది వాతావరణం కాదు. ఆ మెట్టు ఎంతో కొలిచి సవరిస్తారు. పక్కవన్నీ ఒకే ఏడాది సెన్సర్ మార్చుకుంటే మాత్రం ఈ ట్రిక్ తడబడుతుంది, అప్పుడు పాత లాగ్‌బుక్కులే దిక్కు.

సవరించాక అమెరికా గ్రాఫ్‌లో వేడి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి డేటా దిద్దేశారని గొడవ చేసేవాళ్లు ఉన్నారు. సందేహించడం తప్పు కాదు, కానీ చెక్ చేసుకోవచ్చు. అమెరికా వాతావరణ సంస్థ నోవా ముడి ఫైళ్లు, సవరించిన ఫైళ్లు రెండూ ఉచితంగా ఇస్తోంది. పైథాన్ వచ్చినవాళ్లు ఒక కేంద్రాన్ని ఎంచుకుని రెండింటి తేడా గీసి చూడండి, మెట్లు కంటికే కనిపిస్తాయి.