మనల్ని వదలని నాలుగు చిన్న సందేహాలు



పరీక్షల్లో ఎప్పుడూ రాని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అవి చిన్నప్పుడే మనసులో పడతాయి. పెద్దవాళ్ళను అడిగితే "అది అంతే బిడ్డా" అంటారు. టీచరును అడగడానికి భయం. అలా ఏళ్ళ తరబడి మనతోనే ఉండిపోతాయి. గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో పెరిగినవాళ్ళకు ఇలాంటి సందేహాలు మరీ ఎక్కువ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. కాబట్టి ఇంట్లో అడిగేవాళ్ళు లేక, వీటికి జవాబులు పీజీకి వచ్చాక పుస్తకాల్లో వెతుక్కున్నాను. వాటిలో నాలుగింటిని ఇక్కడ చూద్దాం. నాలుగోది ప్రాణానికి సంబంధించినది. మిగతావి వదిలేసినా దాన్ని మాత్రం తప్పక చదవండి.

1. తెల్లవారుజామున రైలు కూత దగ్గరగా ఎందుకు వినిపిస్తుంది?

పగలు రామగుండం స్టేషన్ నుంచి కూత సరిగా వినపడదు. అదే తెల్లవారుజామున పెరట్లోంచే రైలు పోతున్నట్టు ఉంటుంది. ఊరు నిశ్శబ్దంగా ఉండటం ఒక కారణం. కాని అదొక్కటే కాదు.

ధ్వని వేడి గాలిలో త్వరగా, చల్లని గాలిలో నెమ్మదిగా పోతుంది. 0 డిగ్రీల వద్ద దాని వేగం సెకనుకు 331 మీటర్లు. ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. ట్రాక్టరు ఒక పక్క చక్రం బురదలో పడితే బండి అటువైపే తిరుగుతుంది కదా! ధ్వని కూడా అలాగే నెమ్మదిగా పోయే చల్లగాలి వైపు వంగుతుంది. పగలు నేల దగ్గర గాలి వేడిగా, పైన చల్లగా ఉంటుంది. అందుకే కూత పైకి వంగి మన తల మీదుగా వెళ్ళిపోతుంది. రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలి కూడా చల్లబడుతుంది. అప్పుడు పైకి పోవలసిన ధ్వని కిందికి వంగి దూరంగా ఉన్న మన చెవిని చేరుతుంది. చలికాలంలో ఇది మరింత బాగా తెలుస్తుంది.

2. బావి చల్లన, గని వెచ్చన – ఎందుకు?

రెండూ భూమిలోపలివే. మరి ఎండాకాలం బావి నీళ్ళు చల్లగా ఉంటే, గనిలో దిగినవాళ్ళు చెమటతో తడిసి ఎందుకు వస్తారు?

సుమారు పది మీటర్ల లోతున భూమి వేడి ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. మన ప్రాంతంలో సుమారు 27, 28 డిగ్రీలు అనుకోవచ్చు. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు అది చల్లగా తోస్తుంది. డిసెంబరు ఉదయం అవే నీళ్ళు గోరువెచ్చగా తోస్తాయి. అంటే మారింది బావి కాదు, బయటి వాతావరణం.

ఇంకా లోతుకు పోతే భూమి లోపలి వేడి మొదలవుతుంది. సాధారణంగా కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. 300 మీటర్ల లోతున రాయి వేడి దాదాపు 8 డిగ్రీలు ఎక్కువ. దానికి యంత్రాల వేడి, గాలిలో తేమ తోడవుతాయి. తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. గనిలో గాలి కోసం పెద్ద ఫ్యాన్లు ఆగకుండా తిరగడానికి ఇది కూడా ఒక కారణం.

3. అగ్గిపుల్ల గీయకుండా బొగ్గు కుప్ప ఎలా అంటుకుంటుంది?

యార్డుల్లో బొగ్గు కుప్పల నుంచి పొగ రావడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఎవరూ నిప్పు పెట్టలేదు. మరి ఎలా?

బొగ్గు మామూలు వేడిలోనే గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా పట్టుకుంటుంది. ఆ చర్యలో కొద్దిగా వేడి పుడుతుంది. కుప్ప పైభాగాన పుట్టిన వేడిని గాలి తీసుకుపోతుంది. మరీ లోపలికి గాలే అందదు. ఈ రెంటికీ మధ్య గాలి అందుతుంది గాని వేడి బయటికి పోదు. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, దాంతో వేడి మళ్ళీ పెరుగుతుంది. 70, 80 డిగ్రీలు దాటాక ఇది చాలా త్వరగా సాగి చివరకు నిప్పవుతుంది. తడి గడ్డివాము లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉండటం రైతులకు తెలుసు. అక్కడ మొదట వేడి పుట్టించేవి సూక్ష్మజీవులు, కాని వేడి చిక్కుకుపోయే తీరు ఒకటే.

పెద్ద పెళ్ళ కంటే పొడి బొగ్గు త్వరగా వేడెక్కుతుంది, ఎందుకంటే గాలి తగిలే ఉపరితలం ఎక్కువ. అందుకే కుప్పను పొరలు పొరలుగా అణగదొక్కుతారు. భూగర్భ గనిలో పని అయిపోయిన చోటును గోడకట్టి మూసేస్తారు. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916లో మొదట గుర్తించిన నిప్పు వందేళ్ళు దాటినా పూర్తిగా ఆరలేదు.

4. దీపం వెలుగుతున్నా మనిషి ఎందుకు చనిపోతాడు?

పాత బావిలోకి దిగేముందు లాంతరు దించి చూడటం పెద్దల అలవాటు. దీపం ఆరితే దిగరు. ఇది మంచి పద్ధతే. కాని చలికాలం తలుపులు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు చనిపోతుంటారు. పక్కన దీపం వెలుగుతూనే ఉంటుంది. "దయ్యం పట్టింది" అనే మాట ఇలాంటి చోటే పుడుతుంది.

దీపం చెప్పేది ఆక్సిజన్ సంగతి మాత్రమే. కుంపటి నుంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలనప్పుడు బొగ్గు సగం సగం కాలి ఈ వాయువును ఇస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ దీన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో వెయ్యింట ఒక వంతు ఉన్నా కొన్ని గంటల్లో ప్రాణం తీయగలదు. అంత కొద్దిపాటికి దీపం ఆరదు.

"పొగ పోయేదాకా బయట ఉంచి, ఎర్రటి కణికలయ్యాక లోపలికి తెస్తాం, ఏం కాదు" అంటారు చాలామంది. పొగ లేకపోయినా ఈ వాయువు వస్తూనే ఉంటుంది.

గనుల్లో వెనకటికి దీని కోసమే కానరీ పక్షిని తీసుకెళ్ళేవారు. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఈ సలహా ఇచ్చాడు. చిన్న పక్షి వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి మనిషి కంటే ముందే సొమ్మసిల్లి హెచ్చరిస్తుంది. బ్రిటన్ గనుల్లో 1986లో వాటి స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు భూగర్భంలో బొగ్గు వేడెక్కుతోందా అని తెలుసుకోవడానికి కూడా ఇదే వాయువును కొలుస్తారు. మూడో ప్రశ్నకు, నాలుగో ప్రశ్నకు సంబంధం ఇక్కడే ఉంది.

గుర్తుంచుకోండి: మూసిన గదిలో కుంపటి వద్దు. తలనొప్పి, తల తిరగడం, వాంతి అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రండి, 108కి ఫోన్ చేయండి. పాత బావిలో దీపం ఆరకపోయినా ఒంటరిగా దిగవద్దు.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగో సంగతి అమ్మకు, అమ్మమ్మకు చెప్పండి. మీ సందేహాలను కూడా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది సంచికకు వాటి జవాబులు మీరే రాయాలి.

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (భౌతికశాస్త్రం)